చంద్రగిరి కోట: పురవర్ణన చూపు, శతకపు చూపు

వ్యాససంగ్రహం

శ్రీకాళహస్తి నుంచి ఒక్కరోజులో చూసి రాదగిన చారిత్రక స్థలాలలో చంద్రగిరి కోట ముఖ్యమైనది. సందర్శకులు అక్కడ చూసేది ప్రధానంగా రాజమహలు, రాణిమహలు, పచ్చిక, సాయంకాలపు ధ్వని వెలుగుల ప్రదర్శన. కోటగా ఆ స్థలం చేసిన పనులు, వాటిలోనూ నిర్బంధం, ఆ చూపులోకి రావు. ఈ చూపు కేవలం పర్యాటకరంగం తయారుచేసినది కాదు. తెలుగు ప్రబంధంలోని పురవర్ణన సంప్రదాయం నుంచి అది సంక్రమించింది. దానికి ఎదురుగా నిలిచే మరో చూపు ధూర్జటి రచనలలోను, అన్నమాచార్య చరిత్రములోను, న్యూనిజ్ కథనంలోను ఉంది. ఈ రెండు చూపుల మధ్య సంబంధాన్ని పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: చంద్రగిరి, శ్రీకాళహస్తి, పురవర్ణన, ధూర్జటి, అచ్యుతదేవరాయలు, ఉషాపరిణయం, కోట సందర్శన.

1. ప్రవేశిక

స్వర్ణముఖి నది చంద్రగిరి పక్కగా పారి, తిరుచానూరు ప్రాంతం మీదుగా శ్రీకాళహస్తి చేరి, అక్కడ ఆలయాన్ని ఒరుసుకుంటూ ఉత్తరముఖంగా సాగుతుంది. ఎగువన కోట, దిగువన క్షేత్రం. రెండింటి మధ్య దూరం సుమారు 50 కిలోమీటర్లు. రాజుల ఊరు ఒకటి, దేవుడి ఊరు ఒకటి అని ఈ రెండింటినీ విడదీసి చెప్పడం తేలిక. కాని చరిత్ర ఆ విభజనను అంగీకరించదు. శ్రీకాళహస్తి గాలిగోపురాన్ని 1516లో కట్టించినవాడు శ్రీకృష్ణదేవరాయలు. అతని తమ్ముడు అచ్యుతదేవరాయలకు 1529లో తిరుమలలోను, శ్రీకాళహస్తిలోను, ఆ తరువాత విజయనగరంలోను పట్టాభిషేకం జరిగిందని చరిత్రకారులు చెబుతారు. తరువాతి శతాబ్దంలో చంద్రగిరి రాయల సామంతులుగా ప్రసిద్ధులైన దామెర్ల వంశం వారే కాళహస్తి జమీందారులు. కాబట్టి శ్రీకాళహస్తి వాసులు చంద్రగిరికి వెళ్లడమంటే పరాయి ఊరి కోటను చూడబోవడం కాదు. తమ ఊరి చరిత్రలో సగాన్ని చూడబోవడం.

ఈ సందర్శన ఎలా జరుగుతున్నదనే ప్రశ్న పర్యాటకశాఖకు సంబంధించినదిగా కనిపిస్తుంది. అది సాహిత్యప్రశ్న కూడా. కోటను ఎటు నుంచి చూడాలి, దేన్ని చూసి ఆశ్చర్యపోవాలి, దేన్ని దాటిపోవాలి అనేవి ఎవరికీ పుట్టుకతో వచ్చే అలవాట్లు కావు. పాఠాలు, పద్యాలు, సినిమాలు, పెద్దలు చెప్పిన కథలు ఆ చూపును తయారుచేస్తాయి. తెలుగువారి విషయంలో ఆ తయారీలో ప్రబంధానికి పెద్ద వాటా ఉంది.

2. ఒక్కరోజు యాత్ర

శ్రీకాళహస్తిలో పొద్దున్నే బయలుదేరిన కుటుంబం తిరుపతిలో బస్సు మారి, పదకొండు గంటలలోపు చంద్రగిరి చేరుతుంది. పులిహోర, పెరుగన్నం డబ్బాలలో వెంట వస్తాయి. సెలవురోజుల్లో కళాశాలల బస్సులూ కనిపిస్తాయి. శుక్రవారం వచ్చినవారికి మాత్రం మ్యూజియం తలుపులు మూసి ఉంటాయి. కొండకు దక్షిణపు వాలున పెద్ద పెద్ద రాళ్లతో పేర్చిన ప్రాకారం, దాని వెలుపల అగడ్త ఉన్నాయి. వాహనం ఆ ప్రాకారాన్ని దాటుకునే లోపలికి వెళుతుంది. విచిత్రమేమంటే, ఆ గోడను దాటిన తరువాత కూడా కోట ఇంకా రాలేదనే సందర్శకులు అనుకుంటారు. టికెట్టు ఇచ్చే చోటు వచ్చాకే కోట మొదలవుతుంది. అంటే కోటను కోటగా నిలబెట్టిన గోడ, అగడ్త దారిలో తగిలిన వస్తువులుగా మిగిలిపోతాయి, లోపలున్న భవనం కోట అనే పేరును సొంతం చేసుకుంటుంది.

ఆ భవనం రాజమహలు. మూడంతస్తులది. రాయి, ఇటుక, సున్నం మాత్రమే వాడి, కలప లేకుండా కట్టినది. కమాను ద్వారాలు సుల్తానుల వాస్తును, పైనున్న శిఖరాలు గుడి వాస్తును గుర్తుచేస్తాయి. విజయనగర ఆస్థాన వాస్తుశైలికి నిలిచిన మంచి ఉదాహరణలలో ఇదొకటి. నడిమి అంతస్తులోని దర్బారు మందిరం నిజంగా చూడదగినది. కేంద్ర పురావస్తుశాఖ దీనిలో మ్యూజియం నడుపుతున్నది. కాస్త దూరంలో రెండంతస్తుల రాణిమహలు. చుట్టూ పచ్చిక. సందర్శకులు మ్యూజియంలోని శిల్పాల ముందు కొద్దిసేపు నిలబడి, పై అంతస్తు నుంచి కొండను చూసి, కిందికి వచ్చి పచ్చిక మీద భోజనం చేస్తారు. రాజమహలును వెనుక ఉంచి ఫోటోలు తీసుకుంటారు. ఓపిక ఉన్నవారు చీకటి పడ్డాక జరిగే ధ్వని వెలుగుల ప్రదర్శన కోసం ఆగుతారు. కోట లోపలి శైవ వైష్ణవ ఆలయాల శిథిలాల వైపు వెళ్లేవారు తక్కువ. కొండమీది ఎగువకోట అనేకుల యాత్రలో లేనే లేదు.

ఇందులో తప్పుపట్టవలసిన ఆనందమేదీ లేదు. ప్రబంధానికి విధించిన పద్దెనిమిది వర్ణనలలో నగరం, శైలం, ఉద్యానవిహారం, జలక్రీడ ఉన్నాయి. ఆ లెక్కన పచ్చిక మీద పులిహోర తినే కుటుంబం మహాకావ్యలక్షణాలలో ఒకదాన్ని పాటిస్తున్నట్టే. విచారించవలసినది ఆ కుటుంబం అక్కడికి రావడాన్ని కాదు. ఆ వచ్చినవారి కంటికి కోట ఏమిచ్చింది, ఏమి దాచింది అన్నదాన్ని.

3. పురవర్ణన నేర్పిన చూపు

ప్రబంధం నగరంతో మొదలవుతుంది. మనుచరిత్ర అరుణాస్పదపురంతో, ఆముక్తమాల్యద విల్లిపుత్తూరుతో కథలోకి వెళతాయి. కవికీ కవికీ మధ్య చమత్కారం మారుతుంది కాని క్రమం పెద్దగా మారదు. ముందు కోట, అగడ్త, తరువాత మేడలు, నాలుగు వర్ణాల ప్రజలు, ఏనుగులు, గుర్రాలు, వేశ్యావాటిక, పూలమ్మే స్త్రీలు, ఉద్యానాలు, పిల్లగాలి. ఈ క్రమంలో కోటగోడ ఆకాశాన్ని తాకుతుంది, అగడ్త పాతాళానికి దిగుతుంది. గోడ ఎందుకంత ఎత్తు ఉండవలసి వచ్చిందో, అగడ్త ఎవరిని ఆపడానికో కవి చెప్పడు. వాటి పని కొలత చూపించడమే. గోడ ఎంత ఎత్తయితే రాజు అంత గొప్ప. ఆ జాబితాలో చెరసాలకు చోటు లేదు. శత్రువు ఒకవేళ కనిపించినా ఓడిపోయిన శత్రువుగానే కనిపిస్తాడు.

చంద్రగిరిలో సందర్శకులు వాడే మాటలను ఈ వర్ణన పక్కన పెట్టి చూస్తే పోలిక స్పష్టమవుతుంది. ఎంత ఎత్తు, ఎన్ని అంతస్తులు, కలప లేకుండా ఎలా నిలిచింది, ఎన్ని వందల ఏళ్లు. అన్నీ కొలతలే. పాఠశాలలో తెలుగు పరీక్షకు రాసే లేఖ ఒకటి ఉంది: మీరు చేసిన విహారయాత్రను గురించి మిత్రునికి లేఖ రాయండి. లక్షలమంది పిల్లలు దశాబ్దాలుగా రాస్తున్న ఆ లేఖ పురవర్ణనకు చిట్టచివరి సంతానం. అందులో కోట ఎప్పుడూ కనువిందు చేస్తుంది, శిల్పకళ అబ్బురపరుస్తుంది, రాజుల వైభవం కళ్లకు కడుతుంది. విశేషణాలు ముందే సిద్ధంగా ఉంటాయి, పిల్లవాడు ఊరిపేరు మార్చి రాస్తాడు. ఈ లేఖలో సంపాదించిన భాషతోనే అతడు పెద్దవాడై చంద్రగిరికి వస్తాడు. వచ్చాక ఆ భాషకు అందేవి మాత్రమే చూస్తాడు.

పేర్లు కూడా ఈ పనే చేస్తాయి. రాణిమహలు అన్న పేరు వినగానే అంతఃపురం, చెలికత్తెలు, గవాక్షాలు మనసులో మెదులుతాయి. ఆ భవనపు దిగువ అంతస్తు గుర్రపుశాలను తలపిస్తుందని, అది సేనాధిపతి నివాసమై ఉండవచ్చునని ఒక అభిప్రాయం ఉంది. హంపీలోనూ ఇదే జరిగింది. రాణి స్నానఘట్టం, లోటస్ మహల్ వంటి పేర్లు ఆ కట్టడాల కాలపువి కావు, వాటిని తరువాతివారు పెట్టారు. సైనికుడి నివాసం రాణి నివాసంగా పిలువబడటం వెనుక ఎవరి కుట్రా ఉండనవసరం లేదు. పురవర్ణన అలవాటైన మనసు ఖాళీ గదిని చూసినప్పుడు అందులో సైనికుడి కన్న రాణినే ముందుగా ఊహిస్తుంది. యువరాజుగా శ్రీకృష్ణదేవరాయలు ఇక్కడ ఉన్నాడని, చిన్నాదేవిని ఇక్కడే చూశాడని చెప్పుకునే కథ ఆ ఊహను ఇంకా బలపరుస్తుంది. అది జనశ్రుతి. జనశ్రుతిగా దానికి విలువ ఉంది. కాని కృష్ణరాయలకు, చంద్రగిరికి మధ్య సమకాలీన రచన ఒకటి నమోదు చేసిన సంబంధం ప్రణయం కాదు, నిర్బంధం.

4. చెరసాలగా కోట

పోర్చుగీసు గుర్రాల వర్తకుడు ఫెర్నావో న్యూనిజ్ 1535 ప్రాంతంలో, అచ్యుతదేవరాయలు పాలిస్తున్న రోజుల్లోనే, విజయనగర రాజుల వృత్తాంతం రాశాడు. రాబర్ట్ సూయల్ 1900లో ప్రచురించిన గ్రంథం ద్వారా అది అందరికీ అందుబాటులోకి వచ్చింది. న్యూనిజ్ చెప్పినదాని ప్రకారం, కృష్ణరాయలు సింహాసనం ఎక్కగానే తన తమ్ములను, అన్న కొడుకును చంద్రగిరి దుర్గంలో ఉంచాడు. చనిపోయే ముందు తన కొడుకు పసివాడు కావడంతో ఆ బందీలలో ఒకడైన అచ్యుతుణ్ణి రాజ్యానికి వారసుడిగా నిర్ణయించాడు. ఈ వృత్తాంతం నిజమైతే, అచ్యుతుడు సుమారు ఇరవై ఏళ్లు ఈ కొండ కింద గడిపి, అక్కడి నుంచి నేరుగా పట్టాభిషేకానికి వెళ్లాడు. చంద్రగిరి నుంచి తిరుమల, తిరుమల నుంచి శ్రీకాళహస్తి. ఈనాడు ఒక్కరోజు యాత్రకు బయలుదేరేవారు నడిచే దారినే అతడు ఎదురుదిశలో వచ్చాడు.

అదే అచ్యుతుణ్ణి గురించి రాజనాథ డిండిమకవి సంస్కృతంలో అచ్యుతరాయాభ్యుదయం రాశాడు. ఆస్థానకావ్యం కాబట్టి అందులో వెలిగేది అభిషేకం. కావ్యనామంలోనే అభ్యుదయం ఉంది. ఒకే మనిషి జీవితంలో ఒకే సంవత్సరాన్ని ఆస్థానకవి అభిషేకజలంతో మొదలుపెడితే, గుర్రాల వర్తకుడు తాళం తీసిన తలుపుతో మొదలుపెట్టాడు. న్యూనిజ్ మాటలన్నీ ప్రమాణాలు కావు. విన్నవి, వదంతులు అందులో కలిసే ఉన్నాయి. కాని కోటను గురించి అతడు అడిగిన ప్రశ్న సరైనది. ఇందులో ఎవరున్నారు అని అతడు అడిగాడు. ఇది ఎంత ఎత్తు అని పురవర్ణన అడుగుతుంది.

కృష్ణరాయలే ఈ రెండు చూపులనూ ఒకే గ్రంథంలో ఉంచాడన్నది గమనించవలసిన విషయం. ఆముక్తమాల్యద విల్లిపుత్తూరు వర్ణన తెలుగులోని అత్యుత్తమ పురవర్ణనలలో ఒకటి. అది ఇళ్లను, తోటలను, మనుషులను దగ్గర నుంచి చూసిన కన్ను. అదే కావ్యం నాలుగో ఆశ్వాసంలో యామునాచార్యుడు కొడుకుకు చెప్పే రాజనీతి భాగంలో కోట అనుమానానికి సంబంధించిన వస్తువుగా మారుతుంది. దుర్గాలను నమ్మకస్తులైన బ్రాహ్మణుల చేతికే ఇవ్వాలని అక్కడ హెచ్చరిక. దుర్గం ఎవరి చేతిలో ఉంటే రాజ్యం వారి దయమీద ఉంటుందని తెలిసిన పాలకుడు మాత్రమే అలా రాయగలడు. తమ్ములను దుర్గంలో పెట్టినవాడు దుర్గాధిపతిని ఎంత జాగ్రత్తగా ఎంచుకోవాలో రాయడంలో ఆశ్చర్యం లేదు. విశ్వవిద్యాలయాలలో పురవర్ణనను కవిత్వంగాను, రాజనీతిని చరిత్రకు ఆధారంగాను వేరువేరుగా బోధించే అలవాటు వల్ల ఈ రెండూ ఒకే మనిషి చూపులన్న సంగతి విద్యార్థి దాకా చేరడం లేదు. చంద్రగిరి రాజమహలు మెట్ల మీద ఈ రెండు భాగాలనూ పక్కపక్కన చదివితే, ఆ రెంటి మధ్య ఉన్న ఘర్షణను వివరించడానికి వేరే వ్యాఖ్యానం అక్కరలేదు.

కవిని కోటలో పెట్టిన కథ కూడా ఈ ప్రాంతానిదే. చంద్రగిరిని కేంద్రంగా చేసుకుని ఎదిగి 1485లో విజయనగర సింహాసనాన్ని చేజిక్కించుకున్న సాళువ నరసింహుడు తాళ్లపాక అన్నమాచార్యుణ్ణి ఆదరించాడు. వేంకటేశ్వరుడి మీద చెప్పినటువంటి పదమొకటి తన మీద చెప్పమన్నాడు. అన్నమయ్య కాదన్నాడు. రాజు సంకెళ్లు వేయించాడు. అవి భగవత్కృపతో ఊడిపోయాయని మనుమడు చినతిరువేంగళనాథుడు ద్విపదలో రాసిన అన్నమాచార్య చరిత్రము చెబుతుంది. ఈ సంఘటన జరిగినది చంద్రగిరిలో కాదు, ఆ గ్రంథం ప్రకారం పెనుగొండలో. కాని కోట మారినా రాజు ఒక్కడే. ఆశ్రయం ఇచ్చిన చెయ్యే సంకెల వేయగలదని తాళ్లపాకవారి ఇంటి జ్ఞాపకం. ఈ కథను మహిమగా మాత్రమే చదివి, సంకెళ్లు ఊడిన చోటనే చూపు నిలపడం మన అలవాటు. సంకెళ్లు వేయించినవాడు శత్రురాజు కాదని, అప్పటి వరకు ఆదరించిన రాజేనని గుర్తుంచుకుంటే కథ బరువు మారుతుంది.

5. శ్రీకాళహస్తి నుంచి చూస్తే

ధూర్జటిని సంప్రదాయం అష్టదిగ్గజాలలో చేర్చింది. శ్రీకాళహస్తీశ్వర శతకం రాజుల అధికారమదాన్ని, రాజసేవలోని హీనత్వాన్ని పలుమార్లు దూషిస్తుంది. ఈ రెంటికీ పొత్తు కుదర్చడానికి విమర్శకులు ఎక్కువగా జీవితచరిత్రను ఆశ్రయించారు. యౌవనంలో భోగి, వార్ధక్యంలో పశ్చాత్తప్తుడు అన్నది ప్రచారంలో ఉన్న వివరణ. ఇది శతకాన్ని ఒక మనిషి మానసిక స్థితికి కుదిస్తుంది. రాజుల మీద వేసిన అభియోగం అలసిపోయిన ముసలివాడి నిట్టూర్పుగా మారిపోతుంది. అభియోగం నిజమా కాదా అన్న ప్రశ్న అడగవలసిన అవసరం తప్పుతుంది.

దీనికి బదులు శతకాన్ని స్థలం వైపు నుంచి చదవవచ్చు. ప్రబంధకవి పురాన్ని వర్ణించేటప్పుడు ఎక్కడ నిలబడి చూస్తున్నాడో చెప్పడం కష్టం. అతడు గోడకు బయటా ఉంటాడు, మేడ మీదా ఉంటాడు, వీధిలోనూ ఉంటాడు. శతకకవికి ఆ స్వేచ్ఛ లేదు. ప్రతి పద్యమూ శ్రీకాళహస్తీశ్వరుణ్ణి పిలవడంతో ముగియాలి. అంటే ప్రతి పద్యమూ స్వర్ణముఖి ఒడ్డున, ఒకే గడప ముందు ముగియాలి. అక్కడ నిలబడి చూసేవారికి రాజభవనం ఎత్తు తెలియదు. దాని లోపల జరిగేవి మాత్రం తెలుస్తాయి. తెలుగులో మకుటమంటే కిరీటం కూడా. ఆ మకుటాన్ని రాజు తలమీద కాక పద్యం చివర దేవుడి పేరుకు తగిలించడం శతకప్రక్రియ చేసిన చిన్న రాజకీయం.

అదే కవి శ్రీకాళహస్తీశ్వర మాహాత్మ్యంలో కట్టడాలను గురించిన కథ ఒకటి ఉంది. కాని దాని నిర్మాత రాజు కాదు, సాలెపురుగు. ఊరి పేరులో మొదటి అక్షరమైన శ్రీ ఆ సాలీడే. అది తన ఒంటి నుంచి తీసిన దారంతో శివలింగానికి గుడి, గోపురం, మండపం, ప్రాకారం అల్లుతుంది. పరీక్షించదలచిన శివుడు దీపజ్వాలతో దాన్ని కాలుస్తాడు. సాలీడు పారిపోదు. ఆ మంటనే మింగబోతుంది. ప్రబంధంలో ప్రాకారం ఉండవలసిన చోట ధూర్జటి సాలెగూటిని నిలిపాడు. అది ఎవరినీ లోపల బంధించదు, ఎవరినీ బయట ఆపదు, గాలి వీస్తే చినుగుతుంది. పురవర్ణన అంగాలన్నీ ఇందులో ఉన్నాయి. వాటి బరువు మాత్రం లేదు. దీన్ని పురవర్ణనకు పేరడీ అనడం అతిశయోక్తి కావచ్చు. కాని ఆస్థానంలో మేడల వర్ణనలు విన్న కవి చేతిలో ప్రాకారం దారమై కనిపించడం యాదృచ్ఛికమని నమ్మడం కూడా కష్టమే. అదే గ్రంథంలోని నత్కీరుడు పాండ్యరాజు సభలో సాక్షాత్తు శివుడు చెప్పిన పద్యానికే తప్పుపట్టి శాపం పొందుతాడు. సభలో నోరు విప్పడానికి చెల్లించవలసిన మూల్యం ధూర్జటికి తెలుసు.

శ్రీకాళహస్తివారికి కట్టడం కూలడం పుస్తకంలోని విషయం కాదు. కృష్ణరాయలు కట్టించిన గాలిగోపురం దాదాపు అయిదు వందల ఏళ్లు నిలిచి, 2010 మే 26న కుప్పకూలింది. ఆ చోటనే కొత్త గోపురం లేచి 2017లో కుంభాభిషేకం జరుపుకుంది. ఆ ఊరి నుంచి వచ్చినవారు చంద్రగిరిలో కలప లేకుండా నిలిచిన మూడంతస్తులను చూసి ఆశ్చర్యపడటంలో మిగతావారి ఆశ్చర్యానికి లేని ఒక పొర ఉంటుంది. యాత్రను నిర్వహించేవారెవరూ ఆ పొరను తడమడం లేదు.

6. వెలుగు పడే చోటు

సాయంకాలపు ప్రదర్శనలో వెలుగు రాజమహలు మీద పడుతుంది. గొంతు రాయల కాలాన్ని చెబుతుంది. ఈ ప్రక్రియ స్వభావమే పురవర్ణనకు దగ్గరగా ఉంది. చెప్పేవాడు కనిపించడు, ఎక్కడ నిలబడి మాట్లాడుతున్నాడో తెలియదు, అతనికి ఎదురు ప్రశ్న వేసే అవకాశం లేదు. వెలుగు పడని అగడ్త, ప్రాకారం, కొండమీది గోడలు చీకట్లోనే ఉంటాయి. భవనాన్ని అందంగా చూపడానికి ఇది తగిన పద్ధతి. కోటను అర్థం చేసుకోవడానికి చాలదు.

బందీల మాట, సంకెళ్ల మాట ఎత్తితే విహారయాత్ర విషాదయాత్ర అవుతుందని, పిల్లలతో వచ్చినవారికి అవి ఎందుకని ఒక వాదం ఉండవచ్చు. కాని తెలుగు ప్రేక్షకులు ఈ రెండింటినీ కలిపి చూడలేనివారేమీ కాదు. 1951లో వచ్చిన మల్లీశ్వరి సినిమా రాయల వైభవాన్ని కన్నులపండువగా చూపింది. రాణివాసం పల్లకి వచ్చి ఒక పల్లెపడుచును తీసుకుపోతే ఆ వైభవం ఆమెకు పంజరంగా మారడాన్నీ అదే సినిమా చూపింది. జనం దాన్ని ఆదరించారు. విషాదం తెలిసినందువల్ల అందులోని అందం ఎవరికీ తగ్గలేదు. చంద్రగిరి పచ్చిక మీద కూర్చున్నవారికి అచ్యుతుడి కథ చెబితే వారి భోజనం చేదు కాదు. రాజమహలు కిటికీ నుంచి కొండను చూసినప్పుడు, ఇదే కొండను ఒకడు ఏళ్ల తరబడి మరో విధంగా చూశాడని తోస్తుంది, అంతే.

తల్లికోట యుద్ధం తరువాత రాయల రాజధాని పెనుగొండకు, అక్కడి నుంచి వేంకటపతిరాయల కాలంలో (1586-1614) చంద్రగిరికి, ఆపైన వేలూరుకు జరిగింది. ఆ జరుగుబాటును సైతం మన వర్ణనలు నాలుగో రాజధాని అన్న గౌరవపదంతో చెబుతాయి. నాలుగుసార్లు మారిన రాజధాని వెనక్కి తగ్గుతున్న రాజ్యానికి గుర్తు. 1646లో గోల్కొండ సేనలు చంద్రగిరిని పట్టుకోవడంతో ఆ తగ్గుదల కూడా ముగిసింది.

ఆ చివరి దశకు చెందిన ఒక సంఘటనతో దామెర్లవారు చరిత్రకెక్కారు. 1639 ఆగస్టు 22న ఈస్టిండియా కంపెనీకి మద్రాసు తీరంలో స్థలం ఇచ్చిన దామెర్ల వెంకటప్ప చంద్రగిరి రాయల సామంతుడు. చెన్నపట్నమనే పేరు అతని తండ్రి చెన్నప్పది. ఆ పట్టా ఈ రాజమహలులోనే తయారైందని చంద్రగిరి చెప్పుకునే కథ. దానికి ఆధారం ఎంత గట్టిదైనా, కోటను చూపేవారు ఈ కథను తప్పక చెబుతారు, ఎందుకంటే అది కోట ప్రాముఖ్యాన్ని పెంచుతుంది. దామెర్లవారిని గురించి చెప్పదగిన మరో సంగతిని మాత్రం ఎవరూ చెప్పరు. చెన్నప్ప కొడుకులలో అంకభూపాలుడు కవి. అతడు ఉషాపరిణయమనే ప్రబంధం రాశాడు.

ఉష కథ తెలుగువారికి కొత్త కాదు. బాణాసురుడి కోటకు శివుడే కావలి. ఆ కోట నడుమ అంతఃపురంలో ఉష కలగంటుంది. చిత్రరేఖ ద్వారకకు వెళ్లి, నిద్రపోతున్న అనిరుద్ధుణ్ణి ఎవరికీ తెలియకుండా ఉష మేడకు చేర్చుతుంది. సంగతి బయటపడ్డాక బాణుడు అతణ్ణి నాగపాశాలతో కట్టేస్తాడు. కృష్ణుడు సేనలతో వచ్చి కోటను చుట్టుముట్టేదాకా అనిరుద్ధుడు బందీయే. పురవర్ణన కోరిన మేడ, ప్రణయం, గవాక్షం అన్నీ ఈ కథలో ఉన్నాయి. న్యూనిజ్ చెప్పిన బందీ కూడా ఉన్నాడు. రాణిమహలుకు, చెరసాలకు మధ్య గోడ లేని కోట అది. శివుడు కాపలా కాసే కోటను, రాజ్యం చేజారిపోతున్న చంద్రగిరి రాయల కాలంలో, తరువాత కాళహస్తి జమీందారులైన వంశంలో పుట్టిన కవి ఎంచుకున్నాడు. కోటగోడ, అగడ్త, నాగపాశం అతని పద్యాలలో ఏ వరుసలో వస్తాయో, వర్ణన ఎక్కడ ఆగి కథ ఎక్కడ బంధనంలోకి దిగుతుందో చూడవలసి ఉంది. శ్రీకాళహస్తి కళాశాలల నుంచి చంద్రగిరికి బయలుదేరే బస్సులో ఆ ప్రబంధం ప్రతి ఒకటి ఉంటే, ఆ పరిశీలన రాజమహలు మెట్ల మీదే మొదలుకావచ్చు.